అనిత్యత వైరాగ్యం కాదు: ఒక గడ్డివాము సాక్ష్యం



ఈ వ్యాసం కొంత ఘాటుగా ఉంటుంది. ఇందులో దెబ్బ తినేవారిలో మొదటివాణ్ణి నేనే కనుక తక్కినవారు మన్నిస్తారని ఆశిస్తున్నాను.

ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులం నలుగురైదుగురం నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకొంటూ ఉంటాం. పోయిన నెల మా ఇంటి వంతు. మా అబ్బాయి కంప్యూటరులో ఒక చిత్రం పెట్టి చూపించాడు. థామస్ రీడల్‌షైమర్ అనే జర్మన్ దర్శకుడు 2001లో తీసిన ‘రివర్స్ అండ్ టైడ్స్’. ఆండీ గోల్డ్స్‌వర్దీ అనే బ్రిటిష్ శిల్పి పనిచేస్తూ ఉండగా తీసిన డాక్యుమెంటరీ అది. అందులో ఆయన కెనడా దేశపు తీరంలో, నీళ్ళకు కొట్టుకువచ్చిన కర్రలను ఏరి, గుండ్రని గుడిసెలా పేరుస్తాడు. పోటు వస్తుంది. ఆ గుడిసె మెల్లగా నీటిమీదికి లేచి, గిర్రున తిరుగుతూ, పుల్లలు పుల్లలుగా విడిపోతూ సాగిపోతుంది. ఆయన చూస్తూ నిలబడతాడు. అంతే.

చిత్రం ముగిసిన తరువాత ఒక మిత్రుడు ఇలా అన్నారు: “ఇందులో కొత్త ఏముందండీ? ఇది మన వేదాంతమే. జగత్తు అనిత్యమని మనవాళ్ళు ఏనాడో చెప్పారు. ఆ మాటనే ఈయన కర్రముక్కలతో చెబుతున్నాడు.” ఇంకొకరు అందుకొన్నారు: “పల్లెటూళ్ళో పెరిగినవాడై ఉంటాడండీ. ఆ పచ్చదనం, ఆ ప్రశాంతత చిన్ననాడు చూడనివాడికి ఈ దృష్టి రాదు. మన బాల్యాలు మాత్రం అటువంటివి కావూ!”

అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు మాటలూ తప్పని తోచింది. తప్పని తోచిన మాటకు తల ఊపినందుకు ప్రాయశ్చిత్తంగా ఇది వ్రాస్తున్నాను. పండితవృత్తిలో బ్రతికినవాణ్ణి కనుక పద్ధతి ప్రకారం పూర్వపక్షం ముందు చెప్పి, సిద్ధాంతం తరువాత చెబుతాను.

ముందుగా ఆ మనిషి సంగతి. గోల్డ్స్‌వర్దీ 1956లో ఇంగ్లండులోని చెషర్‌లో పుట్టాడు. పెరిగింది లీడ్స్ నగరపు అంచున. తండ్రి లీడ్స్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర ఆచార్యుడు. అంటే పల్లెలో పుట్టినవాడూ కాదు, రైతుబిడ్డా కాదు. అయితే పదమూడవ ఏట చుట్టుపక్కల పొలాలకు కూలిపనికి వెళ్ళటం మొదలుపెట్టాడు. దుంపలు ఏరాడు, బరువులు మోశాడు, పశువుల పని చేశాడు. తరువాత బ్రాడ్‌ఫర్డ్‌లోను, ప్రెస్టన్‌లోను కళాశాలల్లో చదివాడు. 1980ల నడుమ నుంచి స్కాట్లండులో పెన్‌పాంట్ అనే చిన్న ఊళ్ళో ఉంటున్నాడు. ఆకులు, మంచుకడ్డీలు, రాళ్ళు, మట్టి, గొర్రె ఉన్ని, ఇవే ఆయన సామగ్రి. వాన మొదలవుతూ ఉండగా నేలమీద వెల్లకిల పడుకొంటాడు. చుట్టూ నేల తడిసిన తరువాత లేస్తాడు. పొడిగా మిగిలిన మనిషి ఆకారం కొద్ది క్షణాలు కనిపించి, తక్కిన వానతో కలిసిపోతుంది. అదీ ఆయనకు శిల్పమే.

తన పనిని గురించి ఆయన చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఒకటి: ఇది చాలావరకు బంగాళాదుంపలు ఏరటం వంటిది, ఆ పనికి ఒక లయ ఉంటుంది, అందులోకి దిగాలి, అని. ఈ మాటను మన మిత్రులెవరూ పట్టించుకోరు. ఏరటం, మోయటం, పేర్చటం మన దృష్టిలో తత్త్వాలు కావు కదా!

ఇక మొదటి పూర్వపక్షం: “ఇది మన వైరాగ్యమే.”

కాదు. మన పెద్దలే వైరాగ్యాన్ని చూసి నవ్వుకొంటూ పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం అని మూడు రకాలు చెప్పారు. మూడూ తాత్కాలికాలే. మొదటిది పురాణం ముగిసి ప్రసాదం పంచేసరికి పోతుంది. చివరిది శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసేసరికి పోతుంది. నేను ముప్ఫై యేళ్ళకు పైగా తరగతి గదిలో పంచిపెట్టింది మొదటి రకం. శంకరుల మోహముద్గరంలోని తామరాకుమీది నీటిబొట్టును గురించి నేను చెబుతూ ఉంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవారు. తామరాకును ఏనాడూ చేత్తో తాకనివాడు చెబుతున్నాడని వాళ్ళకు తెలిసి ఉంటుంది.

ఆ చిత్రంలోనే మరొక ఘట్టం ఉంది. సముద్రపుటొడ్డున పలకరాళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చి, అడుగున సన్నగా, నడుమ లావుగా, పైన మళ్ళీ సన్నగా ఉండే ఒక ఆకారాన్ని కట్టబోతాడు. కూలుతుంది. మళ్ళీ కడతాడు. మళ్ళీ కూలుతుంది. పోటు వచ్చే వేళ దగ్గరపడుతూ ఉంటుంది. మనిషి నీరసపడతాడు, విసుగుపడతాడు. కాని కూలినప్పుడల్లా ఆ రాయి సంగతి ఇంకొంచెం తెలిసిందంటాడు. వేదాంతి అయితే మొదటిసారి కూలగానే “చూశావా, ఇంతే” అని లేచి వెళ్ళేవాడు. అంతా పోయేదే కనుక ఏదీ చేయనక్కరలేదని ఒకరు చెబుతారు. అంతా పోయేదే కనుక రేపు మళ్ళీ చేయాలని ఇంకొకరు చెబుతారు. వాక్యం మొదటి సగం ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకే దర్శనం అవుతాయా?

రెండవ పూర్వపక్షం: “పల్లె పచ్చదనం, ప్రశాంతత ఆ దృష్టినిచ్చాయి.”

ఇది మొదటిదానికంటె ప్రమాదకరం. మనమందరం ఎక్కువగా వ్రాసేది ఇదే కనుక. మా ఊరి చెరువు, మా తాతగారి మండువా లోగిలి, తాటిముంజెలు, సంక్రాంతి గంగిరెద్దు. నేనూ వ్రాశాను. చదివినవారు మెచ్చుకొన్నారు. వాటిలో పల్లె ఉంది, పని లేదు. ముంజెలు తిన్నవాడు ఉన్నాడు. చెట్టెక్కి కోసినవాడు ఎక్కడ?

గోల్డ్స్‌వర్దీ పల్లెలో ప్రశాంతత ఎంత ఉందో చూడండి. 1996 నుంచి 2003 వరకు ఆయన ఉత్తర ఇంగ్లండులోని కంబ్రియాలో శిథిలమైపోయిన రాతి గొర్రెల దొడ్లను, నలభైకి పైగా, మళ్ళీ కట్టించి వాటిలో తన పని చేశాడు. ఆ పని నడుస్తూ ఉండగానే 2001లో గాలికుంటు వ్యాధి వచ్చింది. బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా పశువులను చంపివేశారు. అందరికంటె ఎక్కువగా దెబ్బ తిన్నది కంబ్రియా. దొడ్లు మళ్ళీ లేచేసరికి వాటిలో ఉండవలసిన మందలు లేకుండా పోయిన గ్రామాలు ఉన్నాయి. ఇది పచ్చదనమా? స్కాట్లండు కొండలు అంత బోడిగా, మనకు అంత అందంగా కనిపించటానికి ఒక కారణం గొర్రెలు. 18, 19 శతాబ్దాలలో గొర్రెల మేత కోసం అక్కడి కాపులను భూస్వాములు ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. గొర్రె అంటే ఆయనకు తెల్లని మెత్తని బొమ్మ కాదు, ఆ నేల చరిత్రను మార్చిన జంతువు.

2025లో ఎడింబరోలో, ఆయన యాభై యేళ్ళ పనిని ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన పెట్టారు. అక్కడ మెట్లమీద తివాచీలా పరచినది రైతులు గుర్తుల కోసం రంగులు వేసిన గొర్రె ఉన్ని. దారికి అడ్డంగా బిగించినది తుప్పుపట్టిన ముళ్ళతీగ. ఒక గది నిండా రాళ్ళు పరచి ఉన్నాయి. సమాధులు తవ్వుతున్నప్పుడు పైకి వచ్చి, మళ్ళీ లోపల పట్టని రాళ్ళు అవి. శరీరం వచ్చి చేరితే చోటు ఖాళీ చేసిన రాళ్ళు. వాటిని 108 శ్మశానాల నుంచి తెచ్చారు. 108 అనగానే మన మిత్రులకు అష్టోత్తరం గుర్తుకు వస్తుందని నాకు తెలుసు. దయచేసి వద్దు. ఆ రాళ్ళకు మన ముద్ర అక్కరలేదు. గుంట తవ్వినవాడికి మాత్రమే తెలిసే సంగతి అది: పూడ్చేటప్పుడు కొంత మన్నూ కొన్ని రాళ్ళూ ఎప్పుడూ మిగిలిపోతాయి.

కనుక పల్లె బాల్యం కళాకారుడిని తీర్చిదిద్దుతుందని నేను కూడా ఒప్పుకొంటాను. అయితే పల్లె బాల్యమంటే పల్లెలో ఉండటం కాదు, పల్లె పనిలో ఉండటం. ఆచార్యుడి కొడుకు పదమూడేళ్ళకు దుంపలు ఏరాడు కనుక అది అతనికి దక్కింది. పల్లెలోనే పుట్టి పెరిగిన నాకు దక్కలేదు. ఎందుకు దక్కలేదో చెప్పటమే ఈ వ్యాసానికి అసలు కారణం.

నేను ఆయనకంటె రెండేళ్ళు చిన్న. మాది కృష్ణా డెల్టాలో ఒక గ్రామం. మా నాయనగారు ఆ ఊరి కరణం. మాకు పన్నెండెకరాల మాగాణి, ఒక పాలేరు. పాలేరు కొడుకు నా యీడువాడు. వాడు నన్ను “అబ్బాయిగారూ” అనేవాడు, నేను వాణ్ణి “ఒరేయ్” అనేవాణ్ణి. ఇద్దరికీ పదమూడేళ్ళే.

ఆ యేడు కుప్పనూర్పిళ్ళు అయిన తరువాత దొడ్లో వాము వేస్తున్నారు. గడ్డివాము వేయటం అందరికీ చేతనయ్యే పని కాదు. అడుగున చెమ్మ తగలకుండా కంప పరుస్తారు. కిందినుంచి మోపులు విసురుతూ ఉంటే పైనున్నవాడు పట్టుకొని, నడుమ మిట్టగా ఉండేట్లు, అంచులు బయటికి వాలేట్లు సర్దుకొంటూ, తొక్కుకొంటూ తిరగాలి. నడుమ పల్లం పడితే వాననీళ్ళు దిగి గడ్డి కుళ్ళిపోతుంది. ఒకవైపు బరువైతే వాము ఒరుగుతుంది. ఆనాడు మొదటిసారి వాడిని పైకి ఎక్కించారు. సాయంకాలానికి నిలువెత్తున్నర లేచింది. అప్పుడు ఒరిగింది. చూస్తూ ఉండగానే సగం వాము నేలమీదికి జారిపోయింది, దానితోపాటు వాడూ జారాడు.

నేను అరుగుమీద కూర్చొని ఉన్నాను. ఆ రోజుల్లో నాయనగారు నాచేత రోజుకు నాలుగు శ్లోకాలు కంఠస్థం చేయించేవారు. లేచి, పెద్దమనిషి ఫోజు పెట్టి, సర్వమూ అనిత్యమని చెప్పే ఒక శ్లోకం చదివి, తాత్పర్యం కూడా చెప్పాను. “అంతేరా, కట్టినదల్లా పడిపోవలసిందే. ఎందుకురా బాధ!” అన్నాను.

వాడు ఒంటికంటిన గడ్డి దులుపుకొంటూ నావైపు చూశాడు. వెక్కిరింపు లేదు. నిజంగానే తెలియక అడిగినట్లు అడిగాడు: “మరైతే గొడ్లేం తింటయ్యండీ, అబ్బాయిగారూ?”

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. వాడు మళ్ళీ పైకెక్కాడు. దీపం పెట్టే వేళకు వాము నిలబడింది. ఆ వాము శాశ్వతమని వాడెప్పుడూ అనుకోలేదు. మరునాటి నుంచి రోజుకింత లాగి పశువులకు వేసినది వాడే. తొలకరి నాటికి అది మోకాలెత్తుకు వస్తుంది. మళ్ళీ పంట వచ్చేనాటికి అడుగున నల్లబడిన కంప మిగులుతుంది. కళ్ళం కూడా అంతే. నేల చదును చేసి, నీళ్ళు చల్లి, పేడతో అలికి, అద్దంలా చేస్తారు. నెలా నెలన్నర పని జరిగిన తరువాత అది మళ్ళీ దుక్కిలో కలిసిపోతుంది. అలికిన ఆడవాళ్ళెవరూ దానిని తలచుకొని తత్త్వం చెప్పగా నేను వినలేదు. వచ్చే యేడు మళ్ళీ అలికేవారు.

ఇక్కడ అలంకారశాస్త్రం ఒక్క మాట. శాంతరసానికి స్థాయి ఏది అని మనవాళ్ళు చాలా వాదించుకొన్నారు. మమ్మటుడు నిర్వేదమన్నాడు. అభినవగుప్తుడు తత్త్వజ్ఞానమన్నాడు. అనిత్యత అనే మాట వినగానే మనం శాంతరసపు గదిలోకి వెళ్ళిపోతాం, ఇంకొక గది ఉందని తోచదు. వాము మీదికి మళ్ళీ ఎక్కిన ఆ పిల్లవాడిలో ఉన్నది నిర్వేదం కాదు. తత్త్వజ్ఞానమని పేరు పెట్టి వాణ్ణి ఋషిని చేయటం కూడా నాకు ఇష్టం లేదు. వాడిలో ఉన్నది ఉత్సాహం. అది వీరరసానికి స్థాయి. కూలుతుందని తెలిసి, కూలటం కళ్ళారా చూసి, మళ్ళీ చేయి చాపటం. గోల్డ్స్‌వర్దీ పనిలో నాకు కనిపించేది కూడా అదే. ఆయనను వేదాంతి అని మెచ్చుకొంటే అది మెచ్చుకోలు కాదు, పొరపాటు రసనిర్ణయం. నా విద్యార్థి పరీక్షలో అలా వ్రాస్తే మార్కులు తగ్గించి ఉండేవాణ్ణి.

నా వాదానికి రెండు ఆక్షేపణలు వస్తాయి. దాచను.

ఒకటి: ఆయన తన పనులన్నిటికీ ఛాయాచిత్రాలు తీస్తాడు, పుస్తకాలు వేస్తాడు. పోయేది పోనిచ్చినట్లే పోనిచ్చి, ఛాయను భద్రపరచుకొంటున్నాడు కదా? నిజమే. పైగా నిలిచి ఉండే కట్టడాలు కూడా చేశాడు. అమెరికాలో స్టార్మ్ కింగ్ అనే చోట, ఒక పాత పొలం గోడ శిథిలాల మీద, చెట్లను చుట్టుకొంటూ పోయే 2,278 అడుగుల రాతిగోడ 1997–98లో లేచింది. కట్టినవారు రాతిగోడల పనివాళ్ళు. కనుక ఆయనను సర్వసంగపరిత్యాగి అనటం కుదరదు. నేను అనటం లేదు కూడా. గడ్డి పోతుంది, గట్టు ఉంటుంది. రైతుకు రెండూ కావాలి.

రెండవ ఆక్షేపణ గట్టిది. ఆ కళాకారుడు కూలిపోయేదాన్ని కోరి ఎంచుకొన్నాడు. పాలేరు కొడుక్కి ఎంచుకొనే అవకాశం ఏది? వాడి వాము వాడిది కాదు, గడ్డీ గొడ్లూ మావి. వాడి గుడిసె ఉన్న చోటు మాది. వాడి తండ్రి కొలువు ఏడాదికోసారి మా నాయనగారి నోటిమాటమీద నిలిచేది. వాడి బ్రతుకు అనిత్యం కావటానికి కాలం కారణం కాదు, మేము కారణం. దానికి కళ అని, ఉత్సాహమని పేర్లు పెట్టటం మళ్ళీ అరుగుమీద కూర్చొని శ్లోకం చదవటమే అవుతుందా?

అవుతుంది, ఆ సంగతి మరచిపోతే. అందుకే చెబుతున్నాను. ఊరి భూముల లెక్కలన్నీ మా ఇంట్లో ఉండేవి. మా పన్నెండెకరాల దస్తావేజులు చందనపుపెట్టెలో ఉండేవి. పెట్టెకు తాళం వేసి, పక్కనే కూర్చొని, జగత్తు మిథ్య అని పాఠం చెప్పుకొన్నవాళ్ళం మేము. 1984లో ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. మా నాయనగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. అన్ని శ్లోకాలు నాకు నేర్పిన మనిషి! నేను ఆయనను తప్పుపట్టటం లేదు, ఆయన నొప్పి నిజమైనదే. కాని ఆ మూడు రోజుల్లో ఆయనకు ఒక్క శ్లోకమూ అక్కరకు రాలేదు. ఒరిగిన వాము పక్కన ఆ పిల్లవాడు మూడు నిమిషాలు కూడా కూర్చోలేదు. కూర్చొనే హక్కు వాడికి లేదు, అదీ నిజమే. రెండు నిజాలనూ కలిపి పట్టుకోలేని వ్యాసం వ్రాయకపోవటం మేలు.

పదమూడేళ్ళ వయసులో ముగ్గురు పిల్లలు. ఒకడు ఆచార్యుడి కొడుకై ఉండీ పొలంలోకి దిగాడు, అక్కడ నేర్చుకొన్నదాన్ని యాభై యేళ్ళుగా రాళ్ళతో, మంచుతో, ఉన్నితో చెబుతున్నాడు. ఒకడు దిగక తప్పనివాడు, నేర్చుకొన్నాడు, చెప్పటానికి వాడికి కాగితమూ కెమేరా ఎవరూ ఇవ్వలేదు. మూడవవాడు అరుగుమీద ఉండిపోయాడు. చెప్పే హక్కు మాత్రం నలభై యేళ్ళు అనుభవించాడు. ఆ మూడవవాడిని నేను. మీలో కొందరు కూడా కావచ్చు.

కనుక మిత్రులకు ఒక విన్నపం. ఇకమీదట బాల్యం గురించి, పల్లె గురించి, పోయినవాటి గురించి వ్రాసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకొందాం: ఆ పోయినదాన్ని చేసినవారెవరు, అప్పుడు నా చేతులు ఏం చేస్తున్నాయి? చేతులు ఖాళీగా ఉండి ఉంటే ఆ సంగతే వ్రాద్దాం. అదీ సాహిత్యమే. ఇప్పుడు మా వైపు చాలా పొలాల్లో కోత యంత్రం తిరుగుతోంది. గడ్డి చుట్టలు చుట్టి లారీల మీద పోతుంది, లేకపోతే పొలంలోనే కాలుతుంది. వాము వేయటం తెలిసినవారు ఊరికి ఒకరిద్దరు ఉంటే ఎక్కువ. దాన్ని తలచుకొని కన్నీరు పెట్టే వ్యాసాలు రేపు తప్పక వస్తాయి. వ్రాసేవారు వాము ఎత్తును, రంగును, వెన్నెలలో అది కనిపించే తీరును వర్ణిస్తారు. నడుమ మిట్టగా ఎందుకు ఉంచాలో ఎవరైనా చెప్పగలిగితే అది నేను తప్పక చదువుతాను.

నెల తిరిగి మా పండితగోష్ఠి మళ్ళీ వస్తోంది. ఇది అక్కడే చదవబోతున్నాను. ఇద్దరు మిత్రులకు కోపం రావచ్చు. ఆ పాలేరు కొడుకు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. నేను బి.ఏ. చదువుకు వెళ్ళినప్పుడు ఊరు విడిచాను, తిరిగి వచ్చేసరికి వాళ్ళ కుటుంబం వేరే ఊరికి పోయింది. ఎక్కడికని ఆనాడు అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

స్వస్తి.